చోటు నుంచి జారిన రొమ్ము ఇంప్లాంట్‌కు మళ్ళీ ఆపరేషన్: చేయించుకున్నవాళ్ళు దయచేసి చెప్పండి

తంగేడు (హనుమకొండ)

అందరికీ నమస్కారం. మూడేళ్ళ క్రితం నాకు ఎడమ రొమ్ము క్యాన్సర్ అని తేలింది. హైదరాబాదులో ఆపరేషన్ చేసి రొమ్ము తీసేశారు, అదే రోజు సిలికాన్ ఇంప్లాంట్ పెట్టారు. కీమో అయింది. రేడియేషన్ అవసరం లేదన్నారు. క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే టామాక్సిఫెన్ మాత్ర ఇప్పటికీ వేసుకుంటున్నాను.

మొదటి ఏడాది బాగానే గడిచింది. తేడాను ముందుగా పట్టుకున్నది నేను కాదు, మా వీధిలో జాకెట్లు కుట్టే అక్క. కొలత తీసుకుంటూ "మేడం, ఎడమ వైపు డార్టు ఈసారి ఇంకొంచెం కిందికి వేయాలి" అంది. ఇంటికి వచ్చి అద్దం ముందు నిలబడ్డాను. నిజమే, రొమ్ము కింది మడత ఆ వైపు రెండు వేళ్ళంత దిగింది. వెల్లకిలా పడుకుంటే ఇంప్లాంట్ చంకలోకి జారుతుంది, చెయ్యి ఒంటికి ఆనించి పెట్టుకోలేను. నొప్పి లేదు. కానీ బడిలో బోర్డు మీద రాయడానికి చెయ్యి ఎత్తిన ప్రతిసారీ ముందు కొంగు సర్దుకుంటున్నాను.

ఆపరేషన్ చేసిన చోటికే వెళ్ళాను. ఐదు నిమిషాల్లో చూసి "సంచి వదులైంది, లోపల నాలుగు కుట్లు వేస్తే సరిపోతుంది, వచ్చే వారం చేరండి" అన్నారు. ఎందుకు వదులైందని అడిగితే "కొందరికి అంతే" అన్నారు. ఆ జవాబు నాకు మింగుడుపడలేదు. అత్తమ్మేమో, సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దాకా బతుకమ్మను నెత్తిన పెట్టుకుని వెళ్ళినందుకే ఇలా అయిందంటుంది. ఆమె నా మీద ప్రేమతోనే అంటుంది. కానీ రాత్రి పడుకున్నాక ఆ మాటే గుర్తుకొస్తోంది.

మీలో ఎవరికైనా ఇలా అయిందా? మళ్ళీ కుట్టించుకున్నాక అది నిలిచిందా?

మానేరు (కరీంనగర్)

తంగేడు గారూ, ముందుగా ఒక మాట. బతుకమ్మ వల్ల కాదు. మొదటి ఆరు వారాల్లో బరువులెత్తి ఉంటే అనుమానించవచ్చు. ఏడాది దాటాక పండుగ నాడు చేతులు ఎత్తినంత మాత్రాన సంచి తెగిపోదు. అత్తమ్మగారికి ఈ మాట చదివి వినిపించండి.

నేను డాక్టరును కాను. పదకొండేళ్ళు ప్లాస్టిక్ సర్జరీ వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేశాను. చూసింది చెబుతాను.

బయటి వస్తువు ఏది లోపల పెట్టినా శరీరం దాని చుట్టూ పలచని పొర కట్టుకుంటుంది. ఆ పొరనే డాక్టర్లు సంచి అంటారు. అది ఇంప్లాంట్‌కు సరిపడా ఉంటే కదలదు. మొదటి ఆపరేషన్‌లోనే చోటు ఎక్కువగా విడదీసినా, బరువుకు కింది చర్మం సాగినా, దారి దొరికిన వైపుకు జారుతుంది. ఇంప్లాంట్ సైజును సీసీలలో, అంటే మిల్లీలీటర్లలో చెబుతారు. 300 సీసీ ఇంప్లాంట్ అంటే దాదాపు 300 గ్రాములు. ఆ బరువు ఏళ్ళ తరబడి, లేచి నిలబడినంతసేపూ, పలచని చర్మం మీద వేలాడుతూనే ఉంటుంది. రొమ్ము మొత్తం తీసేసినవాళ్ళకు మధ్యలో గ్రంథి, కొవ్వు ఉండవు కాబట్టి ఆసరా ఇంకా తక్కువ.

ఇంకో కారణం ఛాతీ కండరం. ఇంప్లాంట్‌ను కండరం కింద పెట్టి ఉంటే, కండరం బిగుసుకున్న ప్రతిసారీ దాన్ని కిందికి, పక్కకు తోస్తుంది. అద్దం ముందు రెండు చేతులూ నడుము మీద పెట్టి గట్టిగా నొక్కి చూడండి. ఇంప్లాంట్ ఎగిరి చంక వైపు వెళ్తే కండరం పాత్ర ఉన్నట్టే. అప్పుడు ఎన్ని కుట్లు వేసినా ఆ కండరం మళ్ళీ తోస్తూనే ఉంటుంది.

అందుకే "నాలుగు కుట్లు" అనే మాటకు ముందు "ఎందుకు జారింది" అనే మాటకు జవాబు రావాలి. సంచి పెద్దదైతే దాన్ని లోపలి నుంచి కుట్టి చిన్నది చేస్తారు. చర్మం పలచబడితే ఆసరాగా లోపల జాలీ (వలలాంటి పొర) వేస్తారు. కండరం తోస్తుంటే ఇంప్లాంట్‌ను కండరం పైకి మారుస్తారు. ఇంప్లాంట్ మీ ఛాతీ వెడల్పు కంటే పెద్దదైతే చిన్నది పెట్టాలి. చాలామందికి వీటిలో రెండు మూడు కలిపి చేయాల్సి వస్తుంది.

ఈ వారంలోనే రెండు పనులు చేయండి. ఒకటి, ప్లాస్టిక్ సర్జన్ కంటే ముందు మీ క్యాన్సర్ డాక్టరుకు చూపించుకోండి. ఆకారం మారిందంటే, వ్యాధి తిరగబెట్టలేదని తేల్చుకున్నాకే మిగతా విషయం. రెండోది, మొదటి ఆపరేషన్ నోట్, ఇంప్లాంట్ స్టిక్కర్ ఉన్న కాగితం అడిగి తెచ్చుకోండి. స్టిక్కర్ మీద కంపెనీ, రకం, సీసీ, సీరియల్ నంబరు ఉంటాయి. 2002 నాటి భారత వైద్య మండలి నియమాల ప్రకారం రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. అయితే మూడేళ్ళు భద్రపరచాలనే ఉంది. మీకు మూడేళ్ళు నిండుతున్నాయి. ఆలస్యం చేయకండి, రాతపూర్వకంగా అడగండి.

గునుగు (జనగామ)

నాది పైకి పోయింది. కుడి వైపు. నాకు ఆపరేషన్ తర్వాత రేడియేషన్ ఇచ్చారు. ఏడాదిన్నరకు ఇంప్లాంట్ చుట్టూ పొర బిగుసుకుని, మెడ ఎముక దగ్గరికి ఎక్కినట్టయింది. ముట్టుకుంటే పచ్చి జామకాయలా గట్టిగా ఉండేది, పక్కకు తిరిగి పడుకుంటే నొప్పి. డాక్టరు దాన్ని బేకర్ నాలుగో దశ అన్నారు. మొదటి దశలో మెత్తగా ఉంటుంది, నాలుగో దశ అంటే గట్టిపడి, ఆకారం చెడి, నొప్పి కూడా ఉండటం.

రేడియేషన్ తగిలిన చోట మళ్ళీ ఇంప్లాంట్ పెడితే మళ్ళీ బిగుసుకునే అవకాశం ఎక్కువని స్పష్టంగా చెప్పారు. ఇంప్లాంట్ తీసేసి, వీపు కండరాన్ని చర్మంతో సహా ముందుకు తిప్పి రొమ్ములా కట్టారు. పొట్ట కొవ్వుతో చేసే పద్ధతి కూడా ఉంది కానీ నాకు రెండు సిజేరియన్లు అయ్యాయి, అదీ ఇదీ చూసి వీపే ఎంచుకున్నారు. వీపు మీద అడుగు పొడవు మచ్చ ఉంది. జాకెట్ వెనక మెడ పైకి కుట్టించుకుంటే కనిపించదు. బిందె ఎత్తేటప్పుడు ఆ భుజంలో బలం కొంచెం తగ్గినట్టు తెలుస్తుంది. అయినా ఇప్పుడు పక్కకు తిరిగి నిద్రపోతున్నాను. రెండేళ్ళ తర్వాత అలా పడుకున్న మొదటి రాత్రి ఏడ్చాను.

పాలపిట్ట (వరంగల్)

రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మీ అందరిదీ క్యాన్సర్. నాది కాదు. ఇద్దరు పిల్లలకు పాలిచ్చాక రొమ్ములు పూర్తిగా వాలిపోయాయి. నా ఇష్టంతో, నా జీతం డబ్బులతో ఇంప్లాంట్లు పెట్టించుకున్నాను. మా అమ్మకు ఇప్పటికీ తెలియదు.

రెండేళ్ళకు రెండూ కిందికి దిగాయి. చనుమొనలు పైకి చూస్తూ, బరువంతా అడుగున చేరింది. కింద రెండు మడతలు కనిపించేవి, పాత గీత ఒకటి, దాని కింద ఇంప్లాంట్ గీత ఒకటి. పెట్టిన డాక్టరే సంచిని కుట్టి అదే ఇంప్లాంట్ తిరిగి పెట్టారు. ఎనిమిది నెలల్లో కుట్లు సాగి మళ్ళీ అదే పరిస్థితి. మానేరు గారు రాసిన మాట అప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు. నావి ఒక్కొక్కటి 400 సీసీ. నా ఛాతీ కొలతకు అది ఎక్కువ. అంత బరువు అలాగే ఉంచి కింద ఎన్ని కుట్లు వేస్తే ఏం లాభం?

మరో సర్జన్ దగ్గరికి వెళ్ళాను. ఆయన టేపుతో అడ్డంగా, నిలువుగా కొలిచి, చర్మాన్ని వేళ్ళతో పట్టి మందం చూసి, ముప్పావు గంట మాట్లాడారు. 275 సీసీకి తగ్గించారు. ఇంప్లాంట్‌ను కండరం కింద కొత్త చోటులో పెట్టి, పాత సంచిని మూసేశారు. కింది అంచున ఆసరా వేశారు. ఆసరా గురించి ఒక సంగతి అందరూ తెలుసుకోవాలి. అందులో రకాలున్నాయి. కొన్ని పంది చర్మం నుంచో, పశువు చర్మం నుంచో కణాలన్నీ తీసేసి చేస్తారు. కొన్ని కొంతకాలానికి ఒంట్లో కరిగిపోయే కృత్రిమ జాలీలు. మా ఇంట్లో మాంసం తినం. అడగడానికి మొహమాటపడ్డాను కానీ అడిగాను. ఆయన ఏమాత్రం విసుక్కోకుండా కరిగిపోయే జాలీ చూపించారు. మీకు మతం, ఆచారం పట్టింపు ఉంటే మత్తు ఇవ్వకముందే అడగండి. అది మీ హక్కు.

మూడో ఆపరేషన్ అయి రెండేళ్ళు దాటింది. కదల్లేదు.

తంగేడు (హనుమకొండ)

పాలపిట్ట గారూ, మీది క్యాన్సర్ కాదని ఇక్కడ ఎవరూ వేరుగా చూడరు. ఒళ్ళు మీది. మీరు రాయకపోతే నాకు ఈ సీసీ సంగతి తెలిసేది కాదు. నా డిశ్చార్జ్ కాగితంలో 375 అని ఉంది. ఇప్పటిదాకా దాని అర్థం కూడా తెలియదు.

రామప్ప (ములుగు)

ఇంకో దారి కూడా ఉందని చెప్పడానికి రాస్తున్నాను. నాది జారి, చర్మం పలచబడి, ఒక చోట ఎర్రగా నిగనిగలాడింది. ఇంకొంచెం ఆగితే ఇంప్లాంట్ బయటపడేదన్నారు. తీయించేశాను. కొత్తది పెట్టించుకోలేదు. చదునుగా ఉండటానికి మిగిలిన చర్మాన్ని సర్ది కుట్టారు. జాకెట్ లోపల అర కుట్టించి గుడ్డ మెత్త పెట్టుకుంటాను, ఇంట్లో ఉన్నప్పుడు అదీ లేదు. పొలం పని చేసుకునేదాన్ని, ఇంకో ఆపరేషన్, ఇంకో ఆరు వారాల విశ్రాంతి నాకు కుదరవు. నా భర్త "నువ్వు ఉంటే చాలు" అన్నాడు.

సర్జన్లు ఈ దారి చాలాసార్లు చెప్పరు. అడిగితేనే చెబుతారు.

కాజీపేట నివాసి

ఆడవాళ్ళ చర్చలోకి వచ్చినందుకు క్షమించండి. నా భార్యకు వచ్చే నెల ఇదే ఆపరేషన్. ఇంటికి వచ్చాక నేను ఏమేం చూసుకోవాలి? ఆస్పత్రిలో "విశ్రాంతి" అని ఒక్క మాట అన్నారు.

గునుగు (జనగామ)

అన్నా, మీరు అడగడమే మంచిది. ఆరు వారాలు ఆమె చేత బరువు ఎత్తించకండి. బరువంటే బియ్యం బస్తా ఒక్కటే కాదు. నిండిన కుక్కర్, తడి దుప్పటి, నీళ్ళ బకెట్, చంటిపిల్ల, గ్రైండర్ గిన్నె, అన్నీ బరువులే. పై అరలో ఉన్న ఉప్పు, పప్పు డబ్బాలు ముందే కిందికి దించి పెట్టండి. దోమతెర కట్టడం, ఫ్యాను తుడవడం, జడ వేసుకోవడం కూడా చెయ్యి ఎత్తే పనులే. జడ మీరు వేయండి, నేర్చుకోండి. నా కూతురు వేసేది.

వెల్లకిలానే పడుకోవాలి, తల వైపు ఎత్తుగా. మంచం మీద తిరగకుండా రెండు వైపులా దిండ్లు పెట్టండి. ముందు గుండీలున్న నైటీలు నాలుగైనా కొనండి, తల మీదుగా వేసుకునేవి వద్దు. ఆసరా బ్రా రాత్రీ పగలూ ఉండాలి, కడ్డీ లేనిది. రెండు కొంటే ఒకటి ఉతికి ఆరేయవచ్చు. గాయం లోపల చేరే ద్రవాన్ని బయటికి తీసే డ్రెయిన్ గొట్టం ఉంటే రోజూ ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో, ఏ రంగో రాసి పెట్టండి. మాకు రోజుకు 30 కంటే తగ్గాకే తీశారు.

హైదరాబాదు నుంచి తిరిగి వచ్చేటప్పుడు రైలు మెట్లు, జనం తోపులాట వద్దు. కారు మాట్లాడుకోండి. సీటు బెల్టుకూ ఛాతీకీ మధ్య చిన్న దిండు పెట్టండి.

మానేరు (కరీంనగర్)

గునుగు గారు చెప్పినవాటికి ఇంకొన్ని. జ్వరం, ఒక వైపు ఉన్నట్టుండి వాపు, వేడి, ఎరుపు, కుట్ల నుంచి చీము, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకండి. పిక్కలో నొప్పి, వాపు, ఆయాసం వచ్చినా అంతే, రక్తం గడ్డకట్టడానికి అవి గుర్తులు. మధుమేహం ఉంటే చక్కెర అదుపులోకి వచ్చాకే ఆపరేషన్‌కు వెళ్ళండి. పొగాకు ఏ రూపంలో ఉన్నా ముందే మానేయాలి, కుట్లు మానడానికి రక్తప్రసారం కావాలి.

తంగేడు గారూ, టామాక్సిఫెన్ రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని కొంత పెంచుతుంది. ఆపాలా, ఎన్ని రోజులు అన్నది క్యాన్సర్ డాక్టరూ సర్జనూ కలిసి తేల్చాలి. మీరుగా ఆపకండి.

పాలపిట్ట (వరంగల్)

మీ ఇంప్లాంట్ పైపొర నునుపా గరుకా అన్నది స్టిక్కర్ మీద చూసుకోండి. గరుకు రకాలకు సంబంధించి అరుదైన లింఫోమా (రోగనిరోధక కణాల క్యాన్సర్) ఒకటి బయటపడింది. 2019 జులైలో ఇంప్లాంట్లు తయారుచేసే అలర్గాన్ సంస్థ తన బయోసెల్ అనే గరుకు రకాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. అంతమాత్రాన ఉన్నవి ఉన్నట్టుగా తీయించుకోవాలని కాదు, లక్షణాలు లేనివారు తీయించనక్కర్లేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా చెప్పింది. కానీ ఆపరేషన్ అయిన ఏళ్ళ తర్వాత ఒక వైపు నీరు చేరి ఉబ్బితే, ఆ నీటిని సూదితో తీసి పరీక్షకు పంపాలి. జారిందేమోలే అని ఊరుకోకూడదు.

సిలికాన్ లోపల చిట్లినా పైకి తెలియకపోవచ్చు. పెట్టిన 5, 6 ఏళ్ళకు ఒకసారి, తర్వాత 2, 3 ఏళ్ళకోసారి ఎమ్మారై గానీ అల్ట్రాసౌండ్ గానీ చేయించుకోవాలని 2020లో ఎఫ్‌డీఏ సూచించింది. ఇంప్లాంట్ జీవితాంతం ఉండే వస్తువు కాదని మొదటి రోజే నాకెవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

కాజీపేట నివాసి

చాలా కృతజ్ఞతలు. ఇంకొకటి అడుగుతాను, బీమా ఇస్తుందా?

తంగేడు (హనుమకొండ)

ఈ సంగతి నేను ఇప్పుడే తేల్చుకుని వచ్చాను కాబట్టి చెబుతాను. అందం కోసం చేసే సర్జరీకి ఆరోగ్య బీమా పనిచేయదు. కానీ బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పెట్టిన ప్రామాణిక మినహాయింపులోనే ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణం దానికి లోబడదని రాసి ఉంది. మా బీమా కంపెనీ మొదట తిరస్కరించింది. పాత పాథాలజీ రిపోర్టు, మొదటి ఆపరేషన్ నోట్, "క్యాన్సర్ ఆపరేషన్ తర్వాతి పునర్నిర్మాణంలో వచ్చిన సమస్యకు చికిత్స" అని సర్జన్ రాసిన ఉత్తరం జత చేసి మళ్ళీ పంపాక ముందస్తు అనుమతి వచ్చింది. ఉత్తరంలో ఏ పదాలు రాస్తారన్నదే కీలకం. ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నవారు ఆస్పత్రిలో ఆ పథకం తరఫున సాయం చేసే ఆరోగ్యమిత్రను ముందే కలిసి తమ ఆపరేషన్ జాబితాలో ఉందో లేదో చూపించమనండి. 2023 డిసెంబరు నుంచి పరిమితి 10 లక్షలకు పెరిగింది. పరిమితి ఉన్నంత మాత్రాన ప్రతి ఆపరేషన్ అందులో ఉన్నట్టు కాదు.

నా కబురు కూడా చెబుతాను. క్యాన్సర్ డాక్టరు చూశారు, అల్ట్రాసౌండ్, ఎమ్మారై చేయించారు. వ్యాధి లేదు, ఇంప్లాంట్ చిట్లలేదు. రికార్డుల కోసం రాసి ఇచ్చిన కాగితానికి నాలుగో రోజు జవాబు వచ్చింది. ఆపరేషన్ నోట్ పట్టుకుని వేరే సర్జన్ దగ్గరికి వెళ్ళాను, ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ అనే ఉన్నత డిగ్రీ చేసినవారు. నడుము మీద చేతులు నొక్కమన్నారు, మానేరు గారు చెప్పినట్టే. ఇంప్లాంట్ చంకలోకి ఎగిరింది. కండరం కింద పెట్టారని నోట్‌లో ఉంది, పక్క వైపు చోటు అవసరానికి మించి విడదీశారని ఆమె వేళ్ళతో నాకే చూపించింది. కండరాన్ని తిరిగి దాని స్థానంలో కుట్టి, ఇంప్లాంట్‌ను కండరం పైన పెట్టి, పక్కనా కిందా సంచిని మూసి, జాలీతో ఆసరా వేస్తానంది. సీసీ 320కి తగ్గుతుంది. మెడ కిందిభాగం కొంచెం పలచగా కనిపించవచ్చు, ముడతల్లా అలలు తేలవచ్చు, అలా అయితే తర్వాత తొడ కొవ్వు ఎక్కించాల్సి రావచ్చని కూడా ముందే చెప్పింది. మళ్ళీ జారే అవకాశం ఉందా అని అడిగాను. "ఉంది, తగ్గించగలను, లేకుండా చేయలేను" అంది. ఆ ఒక్క మాటతో నాకు ఆమె మీద నమ్మకం కుదిరింది.

అత్తమ్మను కూడా వెంట తీసుకెళ్ళాను. బతుకమ్మ వల్ల కాదని డాక్టరు నోటితో విన్నది. బస్సులో ఉప్పల్ దాటినా ఏమీ మాట్లాడలేదు. భువనగిరి దగ్గర నా చెయ్యి పట్టుకుంది.

తంగేడు (హనుమకొండ)

నాలుగు నెలల తర్వాత రాస్తున్నాను. ఆపరేషన్ మూడు గంటలు పట్టింది. డ్రెయిన్ తొమ్మిదో రోజు తీశారు. రెండో వారంలో చంక దగ్గర కుట్లు లాగినట్టు బాగా నొప్పి, అది లోపలి కుట్లదే, క్రమంగా తగ్గింది. ఏడో వారంలో బడికి వెళ్ళాను. ఇప్పుడు పడుకుంటే ఇంప్లాంట్ ఉన్నచోటే ఉంటోంది. రెండు వైపులకూ ఇంకా ఒక సెంటీమీటరు తేడా ఉంది. మెడ కింద కొంచెం అలలాగా కనిపిస్తుంది, కొవ్వు ఎక్కించడం గురించి ఏడాది తర్వాత చూద్దామన్నారు. అంతవరకు నాకు తొందర లేదు.

కాకతీయ వీధి (వరంగల్)

నాకు వచ్చే వారం. ఎండాకాలంలో రాత్రీ పగలూ ఆ బ్రా ఎలా భరించారు? స్కూటీ ఎప్పటి నుంచి నడపవచ్చు?

తంగేడు (హనుమకొండ)

కింద మెత్తని నూలు గుడ్డ మడిచి పెట్టుకున్నాను, చెమట పట్టినప్పుడల్లా మార్చాను. కుట్లు మానేదాకా పౌడరు చల్లకండి. నన్ను ఆరు వారాల దాకా స్కూటీ ముట్టుకోవద్దన్నారు, ఎనిమిదో వారంలో నడిపాను, అదీ హంటర్ రోడ్డు దాకానే. కిక్ కొట్టకండి, హ్యాండిల్ గట్టిగా లాగకండి, సెంటర్ స్టాండు అసలే వేయకండి. మీ ఇంప్లాంట్ స్టిక్కర్ తీసుకున్నారా? కొత్తది పెట్టాక కొత్త స్టిక్కర్ కూడా డిశ్చార్జ్ రోజే అడిగి తీసుకోండి, ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి.